క్రిస్మస్ బియ్యం సరే, ఆ ఇంటి అప్పు సంగతి ఎవరైనా అడిగారా?

తిరుపతిలో మీ సంఘం ఏటా క్రిస్మస్‌కి బియ్యం, దుప్పట్లు పంచుతోందనీ, ఏటా అవే కుటుంబాలు వస్తున్నాయనీ రాశారు. ఇంతకు మించి ఏమైనా చేద్దామంటే పెద్దలు "బీదలు ఎల్లప్పుడూ మీతో ఉంటారు" అన్న యేసు మాట చూపించారట.

ఆ మాటకు మూలం పాత నిబంధనలో ద్వితీయోపదేశకాండం 15వ అధ్యాయం. దాన్ని మీ పెద్దలతో మొదటి నుంచి చదివించండి. ఏడేళ్లకోసారి అప్పులు మాఫీ చేయాలన్నది మొదటి వచనం. మీలో బీదలు ఉండకూడదన్నది నాలుగో వచనం. బీదలు ఉంటూనే ఉంటారన్నది పదకొండులో వస్తుంది, అదీ గుప్పిలి బిగించొద్దని చెప్పడానికే. తిరగలి రాయిని తాకట్టు పట్టొద్దు, అది ఆ ఇంటి బతుకుదెరువు. కూలివాడి కూలి తెల్లారేదాకా నీ దగ్గర ఉంచుకోవద్దు. ఇలా బీదల గురించి మోషే ధర్మశాస్త్రంలో ఉన్న ఆజ్ఞల్లో ఎన్నో అప్పు, కుదవ, కూలి గురించినవే. అందుకే ముందు బియ్యం తీసుకెళ్లే ఇళ్లకు వెళ్లి అప్పు ఎంత, ఎవరి దగ్గర, ఏం కుదవ పెట్టారు అని అడగమంటాను.

మాది పలమనేరు పక్కన పల్లె. మా సంఘంలో ఒక అక్క ఆవు ఈనే ముందు పాలు పోయించుకునే ఆయన దగ్గర 40,000 అప్పు తీసుకుంది, నూటికి మూడు రూపాయల వడ్డీ. అంటే నెలకు 1,200, ఏడాదికి 36 శాతం. పైగా అప్పు తీరేదాకా పాలు ఆయనకే పోయాలి, అదీ బయటి రేటు కన్నా తక్కువకి. మేము క్రిస్మస్‌కి ఇచ్చే పాతిక కేజీల బియ్యం ఖరీదు ఆమెకు దాదాపు ఒక నెల వడ్డీ. మిగతా పదకొండు నెలల సంగతి మేమెవరం అడగలేదు, ఆమె చెప్పుకోలేదు.

తర్వాత స్త్రీల సమాజం వాళ్లు వారం వారం కొంత పొదుపు చేసి, అందులోంచి నూటికి రూపాయి వడ్డీకి ఇవ్వడం మొదలుపెట్టారు. బీదవాడి దగ్గర వడ్డీ తీసుకోవద్దని నిర్గమకాండంలో ఉంది కదా అని పెద్ద చర్చే జరిగింది. ఆ వడ్డీ తిరిగి సభ్యులకే చెందాలి, ఆస్పత్రి ఖర్చుకి తీసుకుంటే అసలు వడ్డీయే ఉండకూడదు అని తేల్చుకున్నారు. మొదటి విడత డబ్బంతా పాత అప్పులు తీర్చడానికీ, కుదవ విడిపించడానికీ మాత్రమే ఇచ్చారు.

ఇక్కడ ఒక జాగ్రత్త. డబ్బు ఆ మనిషి చేతికిచ్చి పంపించకండి. ఇద్దరు ముగ్గురు తోడు వెళ్లి, అందరి ముందు కట్టి, ప్రోనోటు వెనక్కి తీసుకోవాలి. ఆ అక్క సంతకం పెట్టిన నోటులో అంకె వేసే చోటు ఖాళీగా ఉంది. అది వాళ్ల దగ్గరే ఉండిపోతే ఎంత కట్టినా అప్పు తీరనట్టే. ఖాళీ చెక్కులు, ఏటీఎం కార్డులు కూడా అడిగి మరీ తెచ్చుకోండి.

ఈ దారిలో మనకన్నా ముందు నడిచినవాళ్లు ఉన్నారు. జర్మనీలో రైఫైసెన్ అనే భక్తిపరుడైన మేయరు 1846-47 కరువులో జనానికి రొట్టె అందేలా చూశాడు. తర్వాత ఉన్నవాళ్ల దానంతో నడిచే సంఘం నిలవదని గ్రహించి, అప్పు అవసరమైనవాళ్లే సభ్యులుగా 1864లో పరపతి సంఘం, అంటే సభ్యులకు అప్పులిచ్చే సంఘం పెట్టాడు. 1895లో మద్రాసు ప్రభుత్వానికి నికల్సన్ అనే అధికారి ఇచ్చిన నివేదిక ఆ నమూనానే సిఫారసు చేసింది. 1904లో సహకార పరపతి చట్టం వచ్చింది. మన పల్లెల్లో సొసైటీ బ్యాంకులకు మూలం అక్కడుంది.

మీరు చేసేటప్పుడు కానుకల డబ్బుతో దీన్ని కలపొద్దు. పాస్టరు గారి సంతకంతో నడిచే ఖాతా వద్దు, ఆయనకీ అది మంచిది కాదు. లెక్కలు నెలనెలా అందరికీ వినిపించాలి. పెద్దదైతే 1995 మ్యాక్స్ చట్టం (పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం) కింద రిజిస్టర్ చేయించొచ్చు. అప్పటికే డ్వాక్రా గ్రూపు ఉన్న చోట కొత్తది పెట్టకుండా, అందులో చేరలేకపోయిన వాళ్లను చేర్పించండి. పొరుగువాళ్లు ఏ మతం వాళ్లయినా సరే. సాయానికీ, చర్చికి రావడానికీ ముడి పెట్టారంటే అది సువార్త కాదు, బేరం.

తిరుపతిలో అప్పు ఎంత ముఖ్యమో కూలి కూడా అంతే. మీ సంఘంలో లాడ్జీల్లో గదులు శుభ్రం చేసేవాళ్లు, కాంట్రాక్టరు కింద పనిచేసేవాళ్లు ఉండే ఉంటారు. జీతంలో పీఎఫ్, ఈఎస్ఐ కోస్తున్నారు సరే, కడుతున్నారా? యవ్వనస్థుల్ని ఒక ఆదివారం ఫోన్లతో కూర్చోబెట్టి ఒక్కొక్కరి పీఎఫ్ పాస్‌బుక్ ఉమంగ్ యాప్‌లో చూపించమనండి. అలాగే మీ చర్చి వాచ్‌మన్‌కి, ఊడ్చే ఆమెకి ఎంత ఇస్తున్నారో కమిటీలో అడగండి. పనివాళ్ల కూలి బిగబట్టినవాళ్లను హెచ్చరించే యాకోబు పత్రిక 5:4 ముందు మన గేటు లోపలే చదవాలి.

ఇళ్ల చుట్టూ తిరిగి అప్పులు రాసుకుంటూ పోతే, వడ్డీకి ఇచ్చేవాళ్లలో ఒకరిద్దరు మీ ముందు బెంచీల్లోనే కనబడొచ్చు. నెహెమ్యా 5వ అధ్యాయంలో పొలాలు కుదవ పట్టినవాళ్లు కూడా సొంత జనమే. నెహెమ్యా సభ పెట్టి వాళ్లను గట్టిగానే అడిగాడు, తానూ తన వాళ్లూ అప్పులిచ్చిన సంగతి దాచలేదు. వాళ్లు పొలాలు తిరిగిచ్చేశారు. మీరు మాత్రం సభకన్నా ముందు పాస్టరు గారిని వెంటబెట్టుకుని ఆ ఇంటికే వెళ్లి మాట్లాడండి. వడ్డీ వదులుకుని అసలు మాత్రం వాయిదాల్లో తీసుకోమని అడగండి. మా దగ్గర ఒకాయన ఒప్పుకున్నాడు, ఇంకొకాయన సంఘమే మానేశాడు. రెండోది జరుగుతుందని కమిటీకి ముందే చెప్పి పెట్టండి.