పది రెట్లు వేగమైతే పది రెట్లు బాగా ఆడుతుందా?

ప్రశ్న: నా పాత ఫోన్‌లోనూ, కొత్త ల్యాప్‌టాప్‌లోనూ ఒకటే చెస్ ప్రోగ్రాం వేసుకున్నాను. ల్యాప్‌టాప్‌లో అది సెకనుకి పది రెట్లు ఎక్కువ స్థితులు చూస్తోంది. కానీ రెండింటికీ పోటీ పెడితే ఎక్కువగా డ్రాలే వస్తున్నాయి. మరి ఆ వేగం అంతా ఏమవుతోంది?

జవాబు: ఎక్కడికీ పోవడం లేదండీ, లోతు చూడటానికే, అంటే ఇంకొన్ని ఎత్తులు ముందుకి ఆలోచించడానికే ఖర్చవుతోంది. ఆట మధ్యలో ఒక్కో స్థితిలో సగటున 35 ఎత్తులు వేయొచ్చు, ప్రతిదానికీ ఎదుటివాడికి మళ్లీ అన్నే, అంటే రెండు ఎత్తులకే 1200 దాటిపోతుంది. పనికిరాని దారులను మధ్యలోనే వదిలేసే ఆల్ఫా-బీటా పద్ధతి బాగా కుదిరినా ఒక్క ఎత్తు అదనంగా చూడాలంటే సుమారు ఆరు రెట్లు పని. ఇప్పటి ప్రోగ్రాంలు ఇంకా తెగించి దారులను కత్తిరించేస్తాయి కాబట్టి వాటికి రెండు రెట్లు చాలు. అంటే మీ పది రెట్ల వేగానికి దక్కేది మహా అయితే మూడు నాలుగు ఎత్తుల లోతు.

ఆ మూడు నాలుగే ఒక్కోసారి ప్రాణం పోస్తాయి. ఎనిమిది ఎత్తులే చూడగల ప్రోగ్రాం శకటు ఇరుక్కుపోయిందనుకోండి, అది పోయేది సరిగ్గా ఎనిమిదో ఎత్తులో. ప్రోగ్రాం ఒక బంటును ముందుకు తోసి బలిస్తుంది, ఎదుటివాడు దాన్ని కొట్టక తప్పదు, దాంతో రెండు ఎత్తులు గడిచి శకటు పోవడం పదో ఎత్తుకి జరుగుతుంది. అంత దూరం దానికి కనబడదు కాబట్టి శకటు బతికిందనే అనుకుంటుంది, కాసేపటికి ఇంకో బంటును ఇస్తుంది, చివరికి బంట్లూ శకటూ అన్నీ పోతాయి.

1980ల మొదట్లో కంప్యూటర్ శాస్త్రవేత్త కెన్ థాంప్సన్ బెల్ అనే తన చెస్ యంత్రాన్ని వేర్వేరు లోతుల్లో దానితో దానికే ఆడించి చూశాడు. ఒక్క ఎత్తు లోతు పెరిగితే ఆట బలాన్ని కొలిచే రేటింగ్‌లో సుమారు 200 పాయింట్లు పెరిగాయి, లోతుకి వెళ్లేకొద్దీ ఆ లాభం తగ్గుతూ వచ్చింది. మీ డ్రాలకు కారణం అదే: ఫోన్‌లోదే ఇప్పటికే చాలా లోతు చూస్తోంది, ఆపైన చూసినా కొత్తగా బయటపడే తప్పులు తక్కువ.

ఇంకో మాట, నాకు వేగం కన్నా ముఖ్యంగా అనిపించేది. 1997లో ప్రపంచ ఛాంపియన్ కాస్పరోవ్‌ని ఓడించిన ఐబీఎం కంప్యూటర్ డీప్ బ్లూ సెకనుకి 20 కోట్ల స్థితులు చూసేది. 2006లో జర్మనీలోని బాన్‌లో అప్పటి ప్రపంచ ఛాంపియన్ క్రామ్నిక్‌ని 4-2తో ఓడించిన డీప్ ఫ్రిట్జ్ ప్రోగ్రాం చూసింది 80 లక్షలే. 2009లో బ్యూనస్ ఐరిస్‌లో ఒక మొబైల్ ఫోన్‌లో నడిచిన పాకెట్ ఫ్రిట్జ్ 4 సెకనుకి 20 వేలు కూడా చూడకుండానే మనుషుల టోర్నమెంటులో పదికి 9.5 పాయింట్లు తెచ్చుకుంది! ఏది చూడాలో, ఏది వదిలేయాలో, చూసిన స్థితి ఎవరికి మంచిదో తెలియడంలోనే ఈ తేడా అంతా. 2020లో స్టాక్‌ఫిష్ అనే చెస్ ప్రోగ్రాంలో స్థితి ఎవరికి మంచిదో అంచనా వేయడానికి న్యూరల్ నెట్‌వర్క్ (ఉదాహరణల నుంచి నేర్చుకునే పద్ధతి) పెట్టినప్పుడు వేగం బాగా పడిపోయింది, అయినా బలం ఒక్కసారిగా పెరిగింది.

వేగం ప్రభావం మీ కళ్లతో చూడాలంటే మామూలు మొదలు వద్దు. ఒకవైపు కాస్త మొగ్గు ఉన్న ఓపెనింగ్ స్థితి తీసుకుని, రంగులు మార్చి రెండేసి ఆటలు ఆడించండి, టైం కూడా ఎత్తుకి ఒక్క సెకనే ఇవ్వండి. ఆ తర్వాత ఫోన్‌కి మాత్రం పది సెకన్లు ఇచ్చి చూడండి, తేడా దాదాపు మాయమైపోతుంది.