ఆసియా దేశాల మీద రీసెర్చ్ చేయాలంటే అమెరికానో లండనో వెళ్లాల్సిందేనా?

వెళ్లాల్సిన అవసరం ఉండకూడదు. కానీ మీకు కావలసిన కాగితాలు చాలావరకు అక్కడే ఉన్నాయి. నా కడుపుమంట కూడా అదే.

వియత్నాం యుద్ధం గురించి తెలుగు పత్రికలు ఏం రాశాయన్నది నా పీహెచ్‌డీ అంశం. 1960ల నాటి ఒక పత్రిక సంచికల కోసం ఇక్కడి పెద్ద లైబ్రరీ ఒకదానికి వెళ్లాను. కేటలాగులో పేరు నిక్షేపంగా ఉంది. అటెండరు లోపలికెళ్లి చాలాసేపటికి తాడు కట్టిన కట్ట ఒకటి తెచ్చి బల్లమీద పడేశాడు. ముడి విప్పితే పైన అట్ట మిగిలింది, లోపల కాగితమంతా జల్లెడ. ఫిర్యాదుల పుస్తకం ఇవ్వమంటే, అదీ ఆ బీరువాలోనే ఉండేదన్నాడు! చివరికి అమెరికాలో చదువుతున్న స్నేహితురాలు తన యూనివర్సిటీ లైబ్రరీ నుంచి అవే సంచికల్ని స్కాన్ చేసి పంపింది. ఒక్క పేజీ చిరగలేదు.

అవి అక్కడికెలా చేరాయంటారా? పీఎల్-480 అనే అమెరికా ఆహార సాయం చట్టం కింద మనం తెచ్చుకున్న గోధుమలకు డబ్బు రూపాయల్లో కట్టేవాళ్లం. అలా పోగైన రూపాయల్లో కొంత తీసి, 1962 నుంచి లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వాళ్ల ఢిల్లీ ఆఫీసు మన భాషల పుస్తకాలు, పత్రికలు కొని అమెరికా యూనివర్సిటీలకు పంపింది. మన మీద ప్రేమతో అనుకునేరు. 1957లో సోవియట్ వాళ్లు స్పుత్నిక్ ఉపగ్రహాన్ని ఎగరేసేసరికి అమెరికాకు టెన్షన్ పట్టుకుంది. మరుసటి ఏడాదే దేశరక్షణ పేరుతో విద్యాచట్టం తెచ్చి విదేశీ భాషల చదువులకు నిధులిచ్చారు. లండన్‌లో 1916లో సోయాస్ (ఇప్పుడు ఆసియా, ఆఫ్రికా చదువుల కాలేజీ) పెట్టిందీ సామ్రాజ్యం నడిపే మనుషుల్ని తయారుచేసుకోవడానికే. ఉద్దేశం ఏదైతేనేం, వాళ్లు భాషలు నేర్చుకున్నారు, కాగితం భద్రంగా దాచుకున్నారు.

మనమో? స్వాతంత్ర్యం ఇంకా చేతికి రాకముందే, 1947 మార్చిలో, ఢిల్లీలో ఆసియా సంబంధాల సదస్సు పెట్టిన ఘనులం. 1955లో ఇండోనేసియాలోని బాండుంగ్‌లో ఆసియా, ఆఫ్రికా సదస్సుకు 29 దేశాలు కూర్చున్నప్పుడు పెద్దపీట మనదే. ఇప్పుడు బాండుంగ్ మీద పేపర్ చదివే మనవాళ్లను ఇండోనేసియా భాషలో ఒక్క వాక్యం చెప్పమనండి చూద్దాం. చైనా నిపుణుడి హోదాలో టీవీలో అరిచేవాళ్లలో చైనా పేపరు చదవగలిగేవాళ్లు వేళ్లమీద లెక్కపెట్టేంత మంది ఉంటే గొప్ప. జపాన్ గురించి మనం ఇంగ్లీషులో చదువుకుంటాం, మన గురించి వాళ్లూ ఇంగ్లీషులోనే చదువుకుంటారు. ఆ పుస్తకం అచ్చయ్యేది మాత్రం కేంబ్రిడ్జిలో. దాని ధర చూస్తే స్కాలర్‌షిప్ గుర్తొచ్చి ఏడుపొస్తుంది.

దారులు లేక కాదు. శాంతినికేతన్‌లో చైనా చదువుల కోసం చీనా భవన్ 1937 నుంచీ ఉంది. ఢిల్లీ జేఎన్‌యూలో చైనీస్, జపనీస్, కొరియన్ నేర్పుతారు. అందుకని సూపర్‌వైజర్ ఎంత పేరున్నవాడో తర్వాత చూసుకోవచ్చు, మీరు రాయబోయే దేశం భాష ఎక్కడ నేర్పుతారో ముందు కనుక్కోండి. ఐఈఎల్‌టీఎస్ కోచింగ్‌కని దాచిన ఫీజు తీసుకెళ్లి అక్కడ కట్టండి.