టెక్ సందేహాలు: పాత ల్యాప్‌టాప్‌లో లైనక్స్ ఎక్కించుకోవచ్చా?

ప్రశ్న: మాది ఆమదాలవలస. హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరయ్యాను. 2016లో కొన్న ల్యాప్‌టాప్ ఉంది. ఆరో తరం ఐ3, 4 జీబీ ర్యామ్, మామూలు హార్డ్ డిస్క్. ఇందులో విండోస్ 11 ఎక్కదంటున్నారు. బెంగళూరులో ఉన్న మా అబ్బాయి లైనక్స్ వేసేయమంటున్నాడు. తెలుగులో వ్యాసాలు రాసుకోవడం, బ్యాంకు, పింఛను సైట్లు చూసుకోవడం, మనవలతో వీడియో కాల్... నా పని ఇంతే. ఈ వయసులో నేర్చుకోగలనా?

మాస్టారూ, మీ పని ఇంతే అయితే కొత్తగా నేర్చుకోవాల్సింది చాలా తక్కువ. నిశ్చింతగా ఉండండి.

2025లో మా విజయనగరంలో సిరిమాను తిరిగిన వారానికే, అంటే అక్టోబర్ 14న, విండోస్ 10కి మామూలుగా వచ్చే భద్రతా అప్‌డేట్లు ఆగిపోయాయి. మైక్రోసాఫ్ట్ ఖాతాతో నమోదు చేసుకున్న ఇళ్ల కంప్యూటర్లకు మాత్రం 2026 అక్టోబర్ 13 వరకు గడువు పెంచారు. విండోస్ 11కి ఇంటెల్‌లో ఎనిమిదో తరం ప్రాసెసర్, టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ కావాలి. మీది ఆరో తరం కాబట్టి మీ అబ్బాయి చెప్పిన మాట సబబే. శుభ్రంగా పనిచేస్తున్న యంత్రాన్ని అప్‌డేట్లు లేవని పాత సామాన్లవాడికి ఇచ్చేయడం నాకు మనస్కరించదు.

లైనక్స్ అంటే విండోస్ బదులు కంప్యూటర్‌ని నడిపే ఉచిత వ్యవస్థ. అందులో చాలా రకాలున్నాయి. మీకు నేను చెప్పేది లైనక్స్ మింట్, అందులోనూ ఎక్స్‌ఎఫ్‌సీఈ ఎడిషన్. తేలికైనది, 4 జీబీ ర్యామ్‌తో సర్దుకుపోతుంది. కింద ఎడమ మూల మెనూ, కుడి మూల గడియారం, వైఫై గుర్తు ఉంటాయి. మీ చెయ్యి అలవాటుగా వెళ్లే చోటే అన్నీ కనిపిస్తాయి. మింట్ 22 వరుసకు 2029 వరకు అప్‌డేట్లు వస్తాయి.

అయితే నేరుగా ఎక్కించేయకండి. ముందు పెన్‌డ్రైవ్ మీద నడిపి చూడండి. 8 జీబీ పెన్‌డ్రైవ్ చాలు. మింట్ సైట్ నుంచి ఐఎస్‌ఓ ఫైలు (మింట్ మొత్తం ఒకే ఫైలుగా) దించుకుని, రూఫస్ అనే ఉచిత ప్రోగ్రామ్‌తో పెన్‌డ్రైవ్‌లోకి రాయాలి. అందులో అప్పటిదాకా ఉన్నవన్నీ పోతాయి, చూసుకోండి. ల్యాప్‌టాప్ ఆన్ చేస్తూనే బూట్ మెనూ కీ నొక్కాలి. డెల్, లెనోవోల్లో సాధారణంగా ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9. పెన్‌డ్రైవ్ పేరు ఎంచుకుంటే రెండు మూడు నిమిషాల్లో మింట్ తెర వస్తుంది. మీ హార్డ్ డిస్క్‌ను అది ముట్టుకోలేదు. తాపీగా కూర్చుని వైఫై కలపండి, ఒక పాట వినండి, కెమెరాలో మీ ముఖం చూసుకోండి, ప్రింటర్ ఉంటే ఒక కాగితం తీయండి. మూత మూసి తెరవండి, మేలుకుంటుందో లేదో తెలుస్తుంది. వైఫై దొరక్కపోతే ఫోన్‌ని కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయండి. నెట్ వచ్చాక డ్రైవర్ మేనేజర్ తెరిస్తే కావాల్సిన డ్రైవర్ చాలాసార్లు అక్కడే దొరుకుతుంది. పెన్‌డ్రైవ్ మీద కాస్త నెమ్మదిగా ఉంటుంది, దాన్ని బట్టి లైనక్స్ వేగం అంచనా వేయకండి.

అంతా బాగుందనిపిస్తే ఫొటోలు, రాతలు అన్నీ బయటి డిస్క్‌లోకి కాపీ చేసి, ఆ డిస్క్ తీసి బీరువాలో పెట్టండి. ఇది ఊరికే చెప్పడం లేదు. చాలా ఏళ్ల క్రితం మా అక్క కంప్యూటర్‌లో లైనక్స్ వేస్తూ, డి డ్రైవ్‌కి ఏమీ కాదులే అనుకుని ‘ఎరేజ్ డిస్క్’ నొక్కాను. అది ఒక్క సి డ్రైవ్‌ని కాదు, మొత్తం డిస్క్‌ని చెరిపేస్తుంది. మేనకోడలి అన్నప్రాశన ఫొటోలన్నీ పోయాయి. అక్క ఒక్క మాటా అనలేదు, నాకు మాత్రం ఇప్పటికీ బాధే. విండోస్ కూడా ఉంచుకోవాలంటే ‘ఇన్‌స్టాల్ అలాంగ్‌సైడ్’ అన్నది ఎంచుకోవాలి. ల్యాప్‌టాప్ చార్జింగ్ నిండుగా ఉన్నప్పుడే మొదలుపెట్టండి, మధ్యలో కరెంటు పోయినా టెన్షన్ ఉండదు.

ఇంకో మాట. మీ ల్యాప్‌టాప్ నెమ్మదికి సగం కారణం ఆ పాత హార్డ్ డిస్క్. దాని బదులు 256 జీబీ ఎస్ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని వేగమైన డిస్క్) పెట్టించండి. పాత డిస్క్ అలాగే తీసి దాచుకుంటే అదే మీ బ్యాకప్ అవుతుంది.

ఇక మీకు ప్రాణమైన తెలుగు సంగతి. కీబోర్డ్ సెట్టింగ్స్‌లో తెలుగు లేఅవుట్ చేర్చుకుంటే ఇన్‌స్క్రిప్ట్ పద్ధతి (కీ నొక్కితే నేరుగా తెలుగు అక్షరం పడేది) వెంటనే వస్తుంది. ఇంగ్లిష్ అక్షరాలు కొట్టి తెలుగు రాసే అలవాటుంటే ఐబస్, ఐబస్-ఎం17ఎన్ ప్యాకేజీలు వేసుకుని ఆర్‌టీఎస్ అనే పద్ధతి ఎంచుకోండి. సాఫ్ట్‌వేర్ మేనేజర్‌లో తెలుగువిజయం ఫాంట్ల ప్యాకేజీ వెతకండి. అందులో గిడుగు, గురజాడ పేర్లతో ఫాంట్లున్నాయి. వాడుక భాష కోసం పోరాడిన మన శ్రీకాకుళం గిడుగు పేరున్న అక్షరాల్లో మీ వ్యాసం తెర మీద చూసుకోండి. రాయడానికి లిబ్రెఆఫీస్ ముందే ఉంటుంది, వర్డ్ ఫైళ్లనూ తెరుస్తుంది. గౌతమి ఫాంట్‌లో రాసిన పాత ఫైళ్లలో వరసలు కాస్త అటూ ఇటూ జరగవచ్చు, అక్షరాలు మాత్రం చెక్కుచెదరవు.

బ్యాంకు, పింఛను సైట్లు ఫైర్‌ఫాక్స్‌లో తెరుచుకుంటాయి. వాట్సాప్‌కి లైనక్స్ యాప్ లేదు, బ్రౌజర్‌లో వాట్సాప్ వెబ్ వాడాలి. ఏ ప్రోగ్రామ్ కావాలన్నా నెట్‌లో వెతికి దించకుండా సాఫ్ట్‌వేర్ మేనేజర్ నుంచే తీసుకోండి. టైమ్‌షిఫ్ట్ తెరిచి మొదటిరోజే ఒక స్నాప్‌షాట్ (సిస్టమ్ అప్పుడున్న స్థితికి నకలు) పెట్టుకోండి. ఏదైనా అప్‌డేట్ తేడా చేస్తే వెనక్కి వెళ్లడానికి పనికొస్తుంది. మీ ఫైళ్ల బ్యాకప్ మాత్రం వేరే ఉండాల్సిందే.

ప్రశ్న: బొబ్బిలిలో డీటీపీ షాపు నడుపుతున్నాను. పేజ్‌మేకర్, అను ఫాంట్లే నాకు అన్నం పెడుతున్నాయి. ఖర్చు లేదు కదా అని లైనక్స్‌కి మారదామనుకుంటున్నాను.

షాపు కంప్యూటర్‌ని మార్చకండి. పేజ్‌మేకర్‌కి లైనక్స్ వెర్షన్ లేదు. అను ఫాంట్లు యూనికోడ్ (అన్ని కంప్యూటర్లూ గుర్తించే అక్షరాల పద్ధతి) కావు కాబట్టి పాత పెళ్లి శుభలేఖ తెరిస్తే తెలుగు బదులు గజిబిజి గుర్తులు కనిపిస్తాయి. ముహూర్తాల రోజుల్లో జనం నిలబడి ఉండగా ఆ అవస్థ మీకొద్దు. లెక్కలకు ట్యాలీ వాడుతున్నా, వేలిముద్ర యంత్రం ఉన్నా ఇదే మాట. ఇంట్లో రెండో కంప్యూటర్ ఉంటే దానిలో మింట్ వేసి, స్క్రైబస్ అనే పేజీలు కట్టే ప్రోగ్రామ్‌లో యూనికోడ్ తెలుగుతో ఒక కరపత్రం చేసి చూడండి. చెయ్యి తిరిగాక ఆలోచిద్దాం.

ప్రశ్న: విజయనగరంలో ఇంజినీరింగ్ రెండో ఏడాది చదువుతున్నాను. కొత్త ల్యాప్‌టాప్, విండోస్ 11 ఉంది. రెండూ ఉంచుకోవచ్చా?

ఉంచుకోవచ్చమ్మా. కొత్త ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి బిట్‌లాకర్ అనే డిస్క్ ఎన్‌క్రిప్షన్ (డిస్క్‌కి వేసే తాళం) ముందే ఆన్ అయి ఉంటుంది. అన్నిటికంటే ముందు మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలోంచి బిట్‌లాకర్ రికవరీ కీ తీసి కాగితం మీద రాసుకోండి. తర్వాత విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆపేసి, డిస్క్ మేనేజ్‌మెంట్‌తో ఒక 60 జీబీ ఖాళీ చేసి, అక్కడ మింట్ ఎక్కించండి. ఆ తర్వాత విండోస్‌లోకి వెళ్తే గడియారం ఐదున్నర గంటలు వెనక్కి చూపించవచ్చు, కంగారు పడకండి. లైనక్స్ ల్యాప్‌టాప్ గడియారాన్ని అంతర్జాతీయ సమయంలో ఉంచుతుంది, విండోస్ దాన్నే మన సమయం అనుకుంటుంది. విండోస్ టైమ్ సెట్టింగ్స్‌లో ‘సింక్ నౌ’ నొక్కితే అప్పటికి సరవుతుంది.