స్ప్రే బాటిల్ మీద రాత

చిరంజీవికి,

ఆశీస్సులు. కార్ డిటెయిలింగ్ షాపులో, అంటే కార్లను లోపలా బయటా శుభ్రం చేసి మెరుగుపెట్టే చోట, కెమికల్ బాటిళ్ల మీద లేబుళ్లు చెరిగిపోకుండా, ఊడిపోకుండా ఎలా చూసుకోవాలో నువ్వు రాసిన వ్యాసం చదివాను. పనిచేసే చోటు నుంచి రాస్తున్నావు కాబట్టి సరుకుంది. కానీ మొదటి పేజీన్నర కారు మనిషి జీవితంలో ఎంత ముఖ్యమో చెప్పడానికే ఖర్చుపెట్టావు. అదంతా కొట్టెయ్. నీ వ్యాసం తెరిచేవాడికి కారు సంగతి తెలుసు. నిన్న అంటించిన స్టికర్ ఇవాళ ఎందుకు మూల లేపిందో అతనికి కావాలి.

'నాణ్యమైన స్టికర్ వాడాలి' అన్నావు. ఇలాంటి వాక్యం రాయగానే ఆగి, నాణ్యమైనదంటే ఏది అని నిన్ను నువ్వే నిలదీసుకో. జిగురు పట్టకపోవడం ఒక జబ్బు, కాగితం నానిపోవడం వేరే జబ్బు, సిరా చెరిగిపోవడం ఇంకోటి. నువ్వు మూడింటికీ ఒకే మందు రాశావు.

జిగురు సంగతి బాటిల్‌ను బట్టి ఉంటుంది. బాటిల్ తిరగేసి అడుగున త్రికోణంలో ఉన్న అంకె చూడు. 1 అయితే పెట్, అద్దంలా ఉండే ప్లాస్టిక్. 2 అయితే హెచ్‌డీపీఈ, చాలా స్ప్రే బాటిళ్లు ఇవే, పాలరంగులో ఉంటాయి. 5 అయితే పాలీప్రొపిలీన్. ఈ 2, 5 రకాల మీద జిగురు సరిగ్గా పరుచుకోదు. అందుకే ఒకే షీటులోంచి తీసిన రెండు స్టికర్లలో ఒకటి నిలుస్తుంది, ఇంకోటి లేస్తుంది. మీ షాపులో దీనికి తోడు పాలిష్‌లలో ఉండే సిలికాన్ జిడ్డు ఉంది. టైర్ పాలిష్, డ్యాష్‌బోర్డ్ పాలిష్ పట్టుకున్న చేత్తో కొత్త బాటిల్ తీశారంటే జిగురు పట్టడం అక్కడే చెడింది. బాటిల్‌ను సబ్బుతో కడిగి, ఐపీఏతో (ఐసోప్రొపైల్ ఆల్కహాల్) తుడిచి, ఆరాక వేలు తగలనివ్వకుండా అంటించి, గట్టిగా రుద్ది, ఒక రోజు నీళ్లకు దూరంగా పెట్టాలి. జిగురుకు పట్టు రావడానికి ఆ మాత్రం టైమ్ పడుతుంది. 'శుభ్రమైన ఉపరితలంపై అంటించండి' అన్న నీ ఒక్క వాక్యం స్థానంలో ఇదంతా రావాలి.

సిరా దగ్గర నువ్వు మార్కర్‌ను తెగ మెచ్చుకున్నావు. పర్మనెంట్ మార్కర్ నీళ్లకు పోదు, నిజమే. ఐపీఏకు మాత్రం ఒక్క తుడుపులో పోతుంది, మీ దగ్గర రోజంతా చేతుల్లో ఉండేది అదే కదా. సూటిగా బాటిల్ మీదే రాయాలంటే ఆయిల్ పెయింట్ మార్కర్ కొంత మేలు. మామూలు ఇంక్‌జెట్ అచ్చు చాలావాటిలో తడికే పారిపోతుంది. లేజర్ ప్రింట్‌కు తడి భయం తక్కువ. బిల్లుల మెషీన్‌లో వచ్చే థర్మల్ స్టికర్ వద్దే వద్దు, ఎండకూ వేడికీ అది నల్లబడటమో వెలిసిపోవడమో ఖాయం. బ్రదర్ పీ-టచ్ లాంటి చిన్న మెషీన్ల లామినేటెడ్ టేపులో అక్షరాలు పైపొర కింద ఉంటాయి కాబట్టి పైన రుద్దినా చెరగవు. ఓడల్లో వెళ్లే ప్రమాదకర రసాయనాల డ్రమ్ముల మీది రాత సముద్రపు నీళ్లలో మూడు నెలలు మునిగినా చదవగలిగేలా ఉండాలని అంతర్జాతీయ నియమం ఉంది, బీఎస్ 5609 అనే బ్రిటిష్ ప్రమాణం ప్రకారం ఆ లేబుళ్లను పరీక్షిస్తారు. మీ షాపుకు అంత అక్కర్లేదు, కానీ వ్యాసంలో ఒక వాక్యానికి పనికొస్తుంది.

కాగితం లేబుల్ మీద సెల్లో టేప్ వేసేవాళ్లే ఎక్కువ. వాళ్లను చిన్నబుచ్చకు, ఎలా వేయాలో చెప్పు. టేప్ కాగితం అంచు దగ్గరే ఆగిపోతే నీళ్లు పక్కనుంచి దూరతాయి. అన్ని వైపులా కనీసం అర సెంటీమీటరు దాటాలి. బాటిల్ చుట్టూ తిప్పి టేప్ మీదే టేప్ అతుక్కునేలా ముగిస్తే ఇంకా మంచిది. స్టికరైతే మూలలు గుండ్రంగా కత్తిరించాలి, లేవడం మొదలయ్యేది మూలలోనే. ట్రిగ్గర్ నొక్కినప్పుడు చుక్కలు ముందువైపు కారతాయి కాబట్టి లేబుల్ ఆ దారిలో కాకుండా పక్కకు ఉండాలి. ఈ చివరి సంగతి నీ వ్యాసంలో లేదు. ఒక పూట షాపులో నిలబడి ఏ బాటిల్ లేబుల్ ఎక్కడ ముందు చెడిందో చూసి రా, ఇలాంటివి ఇంకా దొరుకుతాయి.

ఇక లేబుల్ మీద ఏం రాయాలన్నది. దీన్ని నువ్వు రెండు లైన్లలో దాటేశావు, నాకైతే వ్యాసానికి ప్రాణం ఇదే. పల్చన చేశాక ఏపీసీ (ఆల్ పర్పస్ క్లీనర్), షాంపూ, గ్లాస్ క్లీనర్ మూడూ రంగునీళ్లే. పేరు పెద్దగా ఉండాలి. '1:10' అని రాసి వదిలేస్తే తడి చేతులతో లీటరు బాటిల్ పట్టుకున్న కుర్రాడు లెక్కలు కట్టుకుంటూ కూర్చోవాలి. ఒక భాగం కెమికల్, పది భాగాలు నీళ్లు, మొత్తం పదకొండు. కాబట్టి 'కెమికల్ 90 మి.లీ., మిగతాది నీళ్లు' అని రాయాలి. 1:4 అంటే 250 అనుకునేవాళ్లు బోలెడుమంది, అది 200. హెచ్చరికను ఎర్ర రంగులో రాయించకు, ఎండ తగిలితే ఎరుపు, పసుపు ముందు వెలుస్తాయి, నలుపు నిలుస్తుంది. కలిపిన తేదీ లేబుల్ మీద వద్దు, నింపిన ప్రతిసారీ మారేది కాబట్టి మాస్కింగ్ టేప్ ముక్క మీద రాసి పక్కన అంటిస్తే చాలు.

తెలుగులో రాయాలన్న నీ పట్టుదల నచ్చింది. అయితే చిన్న సైజులో ఒత్తులూ గుడులూ కలిసిపోయి మరకలా కనిపిస్తాయి. ఇంగ్లిష్ అక్షరాలకంటే సైజు పెంచు, లైన్ల మధ్య జాగా వదులు, మాటలు తగ్గించు. మీ షాపులో ఒడిశా, బిహార్ కుర్రాళ్లూ ఉన్నారన్నావుగా, వాళ్లకోసం కెమికల్‌కొక రంగు పట్టీ పెట్టండి.

ఒక్క విషయంలో మాత్రం మెత్తగా రాయొద్దు. కూల్‌డ్రింక్ సీసాల్లో, నీళ్ల సీసాల్లో కెమికల్ పోసిపెట్టే అలవాటు మన దగ్గర ఎంత ఉందో నీకు తెలుసు. ఎంత మంచి లేబుల్ వేసినా దాహంతో వచ్చినవాడు ముందు సీసాను గుర్తుపడతాడు, రాత చదవడు. అల్లాయ్ వీల్ క్లీనర్లలో కొన్ని ఫ్లోరైడ్ యాసిడ్ రకాలు, చర్మం మీద పడ్డా మంట వెంటనే తెలియకపోవచ్చు. అవి కంపెనీ డబ్బాలోంచి బయటికి రాకుండా ఉండటమే మేలు. యాసిడ్‌కు బ్లీచింగ్ కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుందని కూడా రాయి. ఇక్కడ 'బహుశా', 'సాధ్యమైనంతవరకు' లాంటి మాటలు తీసెయ్.

కారుకు అంటిన తారు వదిలించే టార్ రిమూవర్ బాటిల్‌కు ఏ స్టికర్ వేయాలని అడిగావు. జవాబు: దాని మీద ఏ స్టికరూ ఎక్కువ కాలం ఉండదు. అందులోని సాల్వెంటే స్టికర్ల జిగురు వదిలించడానికి వాడేది, కమలాపండు వాసన వచ్చే రకమైతే మరీనూ. ఆ ఒక్క బాటిల్‌కు మెడలో వైరుతో ప్లాస్టిక్ ట్యాగ్ కట్టి, పేరు దాని మీద సూదితో గీయించండి. రెండో ప్రతి పంపేటప్పుడు ఆ ట్యాగ్ ఫొటో కూడా పెట్టు, వ్యాసంతో పాటు వేయడానికి బావుంటుంది.

ఆశీస్సులతో,
మీ మాస్టారు