సూది కన్నా చల్లటి మందే ఎక్కువ మండుతుంది

అమ్మాయీ,

కీళ్లవాతం ఇంజెక్షన్ ఇక ఇంట్లోనే వేసుకోమన్నారనీ, సూది తలుచుకుంటేనే ఒళ్లు బిగుసుకుపోతోందనీ రాశావు. సూది దిగడం క్షణం పని. ఆ తర్వాత మందు లోపలికి వెళ్తున్నంతసేపూ మండేదే అసలు బాధ. ఆ మంటకు కారణాలు తెలిస్తే చాలావరకు తగ్గించుకోవచ్చు.

మొదటిది చల్లదనం. ఫ్రిజ్‌లోంచి తీసిన వెంటనే వేసుకుంటే ఎవరికైనా మండుతుంది. నీకు రాసిన కీళ్లవాతం మందు అడాలిముమాబ్, ఎటనర్సెప్ట్ లాంటిదైతే అరగంట ముందే తీసి, మూత విప్పకుండా బల్ల మీద పెట్టు. టోసిలిజుమాబ్ అనే మందు పెన్ (నొక్కితే స్ప్రింగుతో దానంతటదే మందు ఎక్కించే, పెన్నులాంటి ఇంజెక్షన్) అయితే ముప్పావుగంట. తొందరపడి వేణ్నీళ్లలోనో, ఎండలోనో, మైక్రోవేవ్‌లోనో పెట్టకు. ఇవన్నీ ప్రోటీన్ మందులు, వేడికి పాడైపోతాయి. గట్టిగా ఊపినా అంతే. మెథోట్రెక్సేట్ అనే కీళ్లవాతం మందుకు ఈ బాధ లేదు, అది ఫ్రిజ్‌లో పెట్టేది కాదు. కానీ దాన్ని వారానికి ఒక్కసారే వేసుకోవాలి, పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణం మీదికొస్తుంది. అందుకే ఏ రోజు వేసుకోవాలో క్యాలెండర్‌లో ముందే గుర్తు పెట్టుకో.

రెండోది స్పిరిట్. దూదితో తుడిచాక తడి ఆరకముందే గుచ్చితే సూదితో పాటు అదీ లోపలికి పోయి చురుక్కుమంటుంది. దానంతటదే ఆరనివ్వు. నోటితో ఊదావంటే శుభ్రం చేసినదంతా వృథా.

చోటు సంగతి. పొట్ట మీదైతే బొడ్డుకు చుట్టూ 5 సెంటీమీటర్లు వదిలెయ్. లేదా తొడ ముందు భాగం. సన్నగా ఉన్నవాళ్లకు తొడలో కొవ్వు తక్కువ, కండ దగ్గర కాబట్టి నొప్పి ఎక్కువ. నువ్వు పొట్టతోనే మొదలుపెట్టడం మేలు. కిందటిసారి గుచ్చిన చోటికి కనీసం 3 సెంటీమీటర్ల దూరం ఉండాలి. కమిలిన చోటా, మచ్చల మీదా, గట్టిపడిన చర్మం మీదా వద్దు. తొడకు వేసుకునేటప్పుడు నిలబడకు. కూర్చుని పాదం నేలకు ఆనించి కాలు వదులుగా పెట్టు, కండ బిగిస్తే నొప్పి రెట్టింపు. ఊపిరి వదులుతూ గుచ్చు.

పెన్నా, సిరంజియా అని అడిగావు. పెన్‌లో సూది కనపడదు, కీళ్లు నొప్పిగా ఉన్న చేతికి పట్టూ బాగుంటుంది. కానీ మందు స్ప్రింగ్ వేగంతోనే వెళ్తుంది, నీ మాట వినదు. సిరంజి అయితే పది పదిహేను సెకన్లు తీసుకుని మెల్లగా నెట్టొచ్చు, మంట తగ్గుతుంది. బొటనవేలు సహకరిస్తేనే సుమా. ఏదైనా సరే, పొద్దున్నే వేళ్లు బిగుసుకుని ఉన్నప్పుడు పెట్టుకోకు, సాయంత్రానికి మార్చుకో. పెన్ వాడేవాళ్లు చేసే పెద్ద తప్పు, క్లిక్ వినగానే తీసెయ్యడం. పెన్ మీదున్న చిన్న కిటికీలో రంగు పూర్తిగా నిండేదాకా అదిమి పట్టుకోవాలి. ముందే ఎత్తితే మందు చర్మం మీద కారిపోతుంది. అలా జరిగితే సొంతంగా రెండోది పొడుచుకోకుండా డాక్టర్‌ని అడుగు.

ఇవన్నీ చేసినా మండితే మందులోనే చూడాలి. అడాలిముమాబ్ పాత రకంలో సిట్రేట్ (మందులో కలిపే ఒక లవణం, మంట పుట్టించేది) ఉంటుంది, 40 మిల్లీగ్రాములు 0.8 మిల్లీలీటర్లలో వస్తుంది. సిట్రేట్ లేని రకంలో అదే మోతాదు 0.4 మిల్లీలీటర్లలోనే సరిపోతుంది, మంట చాలా తక్కువ. కంపెనీని బట్టి మారుతుంది కాబట్టి డాక్టర్‌ని పేరు పెట్టి అడుగు: "సిట్రేట్ లేనిది రాస్తారా?" చాలామంది ఈ ఒక్క మాట అడగక ఏళ్ల తరబడి ఓర్చుకుంటారు.

ఇంకా భయమైతే గుడ్డలో చుట్టిన ఐసు ఒకటి రెండు నిమిషాలు అద్ది, తర్వాత స్పిరిట్ రాయి. తిమ్మిరి క్రీము, అంటే లిగ్నోకేయిన్, ప్రిలోకేయిన్ కలిసినది, వాడితే గంట ముందే రాసి పైన పలుచటి ప్లాస్టిక్ కప్పాలి. పది నిమిషాల ముందు రాస్తే ఏమీ లాభం లేదు. వేసుకునే ముందు పూర్తిగా తుడిచెయ్.

అయ్యాక రుద్దకు, దూదితో అదిమి పట్టు చాలు. మొదటి నెలలో ఎర్రగా దద్దురు లేచి, దురదపెట్టి, నాలుగైదు రోజుల్లో పోవడం మామూలే. అది రోజురోజుకీ పాకుతున్నా, చీము పట్టినా డాక్టర్‌కి చూపించు. పెదవులు వాచినా, ఊపిరి ఆడకపోయినా వెంటనే ఆసుపత్రికి వెళ్లు. జ్వరంగా ఉన్న రోజు మాత్రం ముందు ఫోన్ చేసి కనుక్కున్నాకే వేసుకో.

వాడిన సూదికి మళ్లీ మూత పెట్టబోకు, వేళ్లకు గుచ్చుకునేది అప్పుడే. గట్టి ప్లాస్టిక్ డబ్బాలో వేసి మూత బిగించి, పిల్లలకు అందనిచోట పెట్టు.

నీ పెద్దమ్మ