మాత్ర మింగినా పోని పురుగు, కునుకు తీస్తున్న టీబీ

ప్రశ్న: శరణార్థులుగా వచ్చి కొత్త దేశంలో స్థిరపడ్డ ఒక కుటుంబానికి సాయపడుతున్నాను. ఇంటి పెద్దాయనకి దగ్గు లేదు, జ్వరం లేదు. టీబీ రక్తపరీక్ష మాత్రం పాజిటివ్ వచ్చింది, ఎక్స్‌రే బాగుంది. రిఫాంపిసిన్ అనే టీబీ మందు రోజూ 4 నెలలు వాడమన్నారు. ఇంట్లోవాళ్ళకి అంటుతుందా? ఇసినోఫిల్స్ (ఒంట్లో పురుగులుంటే పెరిగే ఒక రకం తెల్ల రక్తకణాలు) కూడా ఎక్కువగా, 900 ఉన్నాయి. మలపరీక్షలో ఏమీ లేదు, శిబిరంలో నులిపురుగులకిచ్చే ఆల్బెండజోల్ ఒక మాత్ర మింగారట. ఇక వదిలేయవచ్చా?

జవాబు: అంటదు. క్రిములు ఒంట్లో ఉన్నా నిద్రాణంగా ఉన్నాయి, దీన్నే లేటెంట్ టీబీ అంటారు. మందు వాడకపోతే ఇలాంటివాళ్ళు 100 మందిలో 5 నుంచి 10 మందికి ఎప్పుడో ఒకప్పుడు జబ్బుగా మారుతుంది. మొదలుపెట్టే ముందు దగ్గు, రాత్రి చెమటలు, బరువు తగ్గడం గురించి మళ్ళీ అడగండి. ఏ ఒక్కటి ఉన్నా కఫం పరీక్ష చేయించాల్సిందే. జబ్బు ముదురుతున్న మనిషికి రిఫాంపిసిన్ ఒక్కటే ఇస్తే క్రిమి ఆ మందుకి లొంగకుండా తయారవుతుంది.

ఇసినోఫిల్స్‌ని మాత్రం వదిలేయకండి. మొదట అనుమానించాల్సింది స్ట్రాంగిలాయిడిస్‌ని. 2 మిల్లీమీటర్ల పురుగు, చెప్పుల్లేని కాళ్ళకి మట్టిలోంచి చర్మం గుండా ఎక్కుతుంది. తక్కిన నులిపురుగుల్లో చాలావాటికి లేని గుణం దీనికుంది: దీని గుడ్లు పేగులోనే పొదిగి, పిల్లపురుగులు అక్కడి నుంచే మళ్ళీ ఒంట్లోకి చొరబడతాయి. అందుకే ఆ నేల వదిలి 30 ఏళ్ళైనా పోదు. మలంలోకి వచ్చేవి బహు కొద్ది, ఒక్క నమూనాలో దొరక్కపోతే లేనట్టు కాదు. ఒక్క ఆల్బెండజోల్ మాత్రకి ఏలికపాములు పోతాయిగానీ ఇది పోదు. రక్తంలో యాంటీబాడీ పరీక్ష అడగండి. ఉందని తేలితే ఐవర్‌మెక్టిన్, బరువు కిలోకి 200 మైక్రోగ్రాములు. 60 కిలోల మనిషికి రోజుకి 3 మిల్లీగ్రాముల మాత్రలు 4, ఒక రోజో రెండు రోజులో.

ఆయన మధ్య ఆఫ్రికా అడవి ప్రాంతాల మనిషైతే ఆగండి. అక్కడి లోవా లోవా పురుగు రక్తంలో విపరీతంగా ఉన్నప్పుడు ఐవర్‌మెక్టిన్ వేస్తే మెదడు దెబ్బతిని కోమాలోకి వెళ్ళే ప్రమాదముంది. ముందుగా పగలు 10 నుంచి 2 గంటల మధ్య తీసిన రక్తం చూడాలి. ఆ వేళలోనే అవి రక్తంలోకి వస్తాయి.

ఈలోగా పిల్లికూతలు వచ్చాయని ఎవరైనా ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ రాస్తే, ఈ పురుగు సంగతి చెప్పకుండా మింగనివ్వకండి. స్టెరాయిడ్ పడితే పురుగులు వేలకొద్దీ పెరిగి, పేగులోని బాక్టీరియాని వెంటేసుకుని రక్తంలోకి పాకే ప్రమాదముంది. ప్రాణం పోయేది అప్పుడే. స్టెరాయిడ్ నిద్రాణ టీబీని కూడా లేపవచ్చు.

రిఫాంపిసిన్ వేసుకున్నాక మూత్రం, కన్నీళ్ళు నారింజ రంగుకి తిరుగుతాయి, భయం లేదు. ఆకలి చచ్చి, వాంతులై, కళ్ళు పచ్చబడితే మాత్రం మాత్ర ఆపి ఆ రోజే డాక్టరుకి చూపించాలి. వార్ఫరిన్ (రక్తం గడ్డకట్టకుండా వాడే మందు), షుగర్ మాత్రలు, గర్భనిరోధక మాత్రల బలాన్ని ఇది తగ్గిస్తుంది. ఇంట్లో వాడే మందులన్నీ ఒక సంచిలో వేసి డాక్టరు ముందు పెట్టండి.

కోర్సు పూర్తయ్యాక కూడా టీబీ రక్తపరీక్ష పాజిటివ్‌గానే ఉండొచ్చు. మళ్ళీ చేయించకండి, కోర్సు ముగిసిన తేదీతో కాగితం రాయించి దాచండి.