మావాడు కోడ్ రాయట్లేదు, రాయిస్తున్నాడు. ఇది చదువేనా?

ప్రశ్న: మాది గాజువాక. మావారు స్టీల్ ప్లాంట్‌లో పనిచేస్తారు. బాబు మధురవాడ వైపు ఒక కాలేజీలో సీఎస్ఈ మూడో సంవత్సరం. రాత్రి ఒంటిగంట దాకా ల్యాప్‌టాప్ ముందే ఉంటాడు గానీ కోడ్ రాస్తున్నట్టు కనిపించదు. ఏఐకి ఇంగ్లీషులో ఏదో చెప్తాడు, అది రాసిపెడుతుంది. అడిగితే "ఇప్పుడందరూ ఇంతేనమ్మా" అంటాడు. మొన్న ల్యాబ్ ఎగ్జామ్‌లో మాత్రం చేతులెత్తేశాడు. ద్వారకానగర్‌లో ఒక ఇన్‌స్టిట్యూట్ వాళ్లు ఏఐ కోర్సుకి నలభై వేలు అడుగుతున్నారు. గూగుల్ కూడా వైజాగ్ వస్తోంది కదా, కట్టేయమంటారా?

జవాబు: అమ్మా, ముందు డబ్బు సంగతి. కట్టకండి. ఎందుకో చివర్లో చెప్తాను.

బాబు చెప్పింది అబద్ధం కాదు. 2021లో గిట్‌హబ్ కోపైలట్ అనే కోడింగ్ ఏఐ వచ్చిన కొత్తలో, మనం రాస్తున్న కోడ్‌కి తర్వాతి లైన్లు సూచించేది, అంతే. ఇప్పుడు కర్సర్, క్లాడ్ కోడ్ లాంటి ఏఐ టూల్స్ ఫైళ్లు తెరిచి, చదివి, మార్చి, రన్ చేసి, ఎర్రర్ వస్తే వాటికవే మళ్లీ దిద్దుకుంటాయి. రుషికొండ ఐటీ ఆఫీసుల్లో పనిచేసే పిల్లలూ వీటితోనే కుస్తీ పడుతున్నారు. కాబట్టి "అది ముట్టుకోవద్దు" అని బాబుని కట్టడి చేయకండి. ప్రోగ్రామర్లు డౌట్లు అడిగే స్టాక్ ఓవర్‌ఫ్లో సైట్ 2025 సర్వేలో 84 శాతం మంది ఇలాంటివి వాడుతున్నామనో, వాడబోతున్నామనో చెప్పారు. అయితే అదే సర్వేలో, అవి ఇచ్చే జవాబు కరెక్టేనని నమ్మేవాళ్లు 33 శాతమే, నమ్మనివాళ్లు 46 శాతం. చాలామంది వాడుతూనే అనుమానిస్తున్నారన్నమాట. పిల్లలకి లేనిది ఆ అనుమానమే.

నా దగ్గరికి వచ్చిన ఒక ఫైనలియర్ కుర్రాడి సంగతి చెప్తాను. ఎంవీపీ కాలనీలో వాళ్ల అపార్ట్‌మెంట్ మెయింటెనెన్స్ లెక్కలకి యాప్ చేశాడు, స్క్రీన్ మీద చూడ్డానికి బాగానే ఉంది. ఒక నెల టోటల్ మాత్రం తక్కువ చూపిస్తోంది. వెతికితే తేలింది ఏమిటంటే, ఒక ఫ్లాట్ వాళ్లు 1500 అని కాకుండా మధ్యలో కామా పెట్టి 1,500 అని టైప్ చేశారు, యాప్ రాసిన పైథాన్ భాష దాన్ని అంకెగా తీసుకోక ఎర్రర్ ఇచ్చింది. మనవాడు ఆ ఎర్రర్‌ని కాపీ చేసి ఏఐకి ఇచ్చి "ఇది తీసెయ్" అన్నాడు. అదేమో ఆ లైన్ చుట్టూ ట్రై, ఎక్సెప్ట్, పాస్ అని పెట్టేసింది, అంటే తేడా వస్తే పట్టించుకోకుండా ముందుకెళ్లిపొమ్మని. ఎర్రర్ పోయింది, దాంతోపాటు పదిహేను వందలూ లెక్కలోంచి పోయాయి. యాప్ చూపించేటప్పుడు "నేను చేశాను సార్" అన్నవాడు ఈ లైన్ దగ్గరికి రాగానే "అది అలా రాసింది సార్" అన్నాడు!

నన్నడిగితే ఈ టూల్స్ వల్ల వచ్చిన పెద్ద మార్పు ఇదే. ఇదివరకు కంప్యూటర్ మొండికేస్తే మనమే తిట్టుకుని, జుట్టు పీక్కుని, తెల్లారేసరికి ఆ తప్పు మనదేనని కనిపెట్టేవాళ్లం. ఇప్పుడది అడిగిందానికల్లా సరేనంటుంది, తప్పని చెప్తే క్షమాపణ కూడా చెప్తుంది, దాంతో పిల్లలకి అది మిషన్‌లా కాక తెలివైన ఫ్రెండ్‌లా అనిపిస్తుంది, ఫ్రెండ్ రాసిచ్చిన అసైన్‌మెంట్‌ని ఎవరు చదువుతారు చెప్పండి?

ఇంకో తమాషా ఉంది. 2025లో మీటర్ అనే పరిశోధనా సంస్థ 16 మంది అనుభవమున్న డెవలపర్లకి వాళ్లకి బాగా తెలిసిన ప్రాజెక్టుల్లోనే పనులిచ్చి చూసింది. ఏఐ వాడినప్పుడు వాళ్లకి 19 శాతం ఎక్కువ టైమ్ పట్టింది, వాళ్లు మాత్రం 20 శాతం త్వరగా అయిపోయిందనుకున్నారు. ఆ తర్వాత టూల్స్ మారాయి, పైగా వాళ్లు స్టూడెంట్స్ కాదు, కాబట్టి ఆ అంకెలు మీ బాబుకి అతికించను. కానీ తలపండినవాళ్లకే పని ఎంత సాగిందో అంచనా తప్పితే, మూడో సంవత్సరం పిల్లాడు "అంతా వచ్చేసింది" అనుకోవడంలో వింతేముంది?

మీవారిని అడగండి, కంట్రోల్ రూమ్‌లో స్క్రీన్ ముందు కూర్చున్నవాళ్లు చేత్తో బొగ్గు వేయరు, కానీ ఫర్నేస్ లోపల ఏం జరుగుతోందో తెలియనివాళ్లని ఎవరైనా ఆ కుర్చీలో కూర్చోబెడతారా అని.

బాబు చేయాల్సింది పెద్దగా ఏం లేదు. ఏఐని అడిగే ముందు, ఏమిస్తే ఏం రావాలో కాగితం మీద రాసుకోవాలి. ఎర్రర్ వస్తే కాపీ కొట్టే ముందు కాసేపు తనే చదవాలి, పైథాన్‌లో అయితే అసలు సంగతి సాధారణంగా ఆఖరి లైన్‌లోనే ఉంటుంది. ఏఐ మార్చినవి చదవకుండా యాక్సెప్ట్ నొక్కకూడదు. ప్రాజెక్ట్ అయ్యాక ఏఐ ఆపేసి అందులో ఒక రూల్ తనే మార్చి చూడాలి, ఆలస్యంగా కడితే ఫైన్ వేయడం లాంటిది. అది చేయలేకపోతే ఆ ప్రాజెక్ట్‌ని రెజ్యుమెలో పెట్టొద్దనండి, ఇంటర్వ్యూలో పట్టుకునేది అక్కడే. ల్యాబ్ ఎగ్జామ్‌కి మాత్రం దగ్గరి దారి లేదు, లూపులు, అరేలు, ఎస్‌క్యూఎల్ లాంటి బేసిక్స్ చేత్తో రాయాల్సిందే. చాలా కంపెనీల ఆన్‌లైన్ టెస్టుల్లో కూడా ఏఐని తెరవనివ్వరు.

మీకు కోడింగ్ రాకపోయినా పర్లేదు. భోజనాల దగ్గర "ఇవాళ చేసింది తెలుగులో చెప్పు నాన్నా, అది తప్పితే నీకెలా తెలుస్తుంది?" అని అడగండి. విసుక్కుంటాడు, అడగండి.

గూగుల్ సంగతంటారా, 2025 అక్టోబరులో ఐదేళ్లలో 15 బిలియన్ డాలర్లతో ఏఐ హబ్ అని ప్రకటించారు, నిజమే. కానీ అందులో ప్రధానమైనది డేటా సెంటర్, అంటే వేల కంప్యూటర్లు ఒకచోట నడిచే చోటు. అక్కడ పని ఎక్కువగా కరెంటు, కూలింగ్, నెట్‌వర్క్, సెక్యూరిటీల చుట్టూ ఉంటుంది. బాబుకి నెట్‌వర్క్స్, లినక్స్ ఇష్టమైతే అది వేరే మాట, అటువైపు గట్టిగా చదవమనండి.

ఇక ఆ నలభై వేలు. ఈ టూల్స్ నెలల్లో మారిపోతున్నాయి, ఇవాళ నేర్పిన బటన్ కోర్సు అయ్యేసరికి అక్కడ ఉండకపోవచ్చు. కాలేజీ ఐడీ చూపిస్తే కోడింగ్ టూల్స్ ఉండే గిట్‌హబ్ స్టూడెంట్ ప్యాక్ ఉచితంగా వస్తుంది. ఐఐటీ ప్రొఫెసర్ల ఆన్‌లైన్ పాఠాలుండే ఎన్‌పీటెల్‌లో డేటా స్ట్రక్చర్స్, ఆపరేటింగ్ సిస్టమ్స్ పాఠాలకి పైసా కట్టక్కర్లేదు. సెమిస్టర్ అయ్యాక బాబుని ఒకసారి నా దగ్గరికి పంపండి, మార్కుల మెమోలు అక్కర్లేదు, ల్యాప్‌టాప్ తెస్తే చాలు.